‘రా’ అంటే యాడికే అంది మా అవ్వ: బెంగళూరులో నా నాలుగు వారాల అనుభవం

విద్యార్థుల కోసం బెంగళూరులో పెట్టిన ఇంటెలిజెన్స్, నేషనల్ సెక్యూరిటీ ప్రోగ్రామ్ ఒకదానికి వెళ్లాను, 2025 జూన్ 27న అయిపోయింది. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ఆగుదామని ఆగాను. అది ఆగస్టు 18న వచ్చింది, అందులో నా ఇంటిపేరు తప్పు పడింది. ఆ గొడవ చివర్లో చెప్తాను. ఇంటెలిజెన్స్, నేషనల్ సెక్యూరిటీ అనే మాటలు చూడగానే గుండె కాస్త గట్టిగా కొట్టుకునే బీటెక్, డిగ్రీ పిల్లల కోసం ఇది రాస్తున్నాను, ఎందుకంటే నేను వెతికినప్పుడు దొరికినవన్నీ అమెరికావే. సిఐఏ, ఎన్‌ఎస్‌ఏ అనే అక్కడి గూఢచార సంస్థల స్టూడెంట్ ప్రోగ్రాములు ఆ దేశ పౌరులకే, పైగా లై డిటెక్టర్ పరీక్ష కూడా పెడతారట. మన దగ్గర ఏం జరుగుతుందో వెళ్లొచ్చినవాళ్లు తెలుగులో రాసింది నాకైతే కనపడలేదు. సంస్థ పేరు రాయను, అడగొద్దు. ప్రభుత్వానిది కాదు, ఇందిరానగర్ వైపు ఒక బిల్డింగ్‌లో రెండు అంతస్తులు, అంతవరకు చాలు.

నాది హిందూపురం. అనంతపురంలో ఈసీఈ, అప్పటికి మూడో ఏడాది. నాన్న చింతపండు మండీలో గుమాస్తా. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానంటే ఫీజు దగ్గరికొచ్చేసరికి ఇదే ముఖ్యమవుతుంది.

జనవరి చివర్లో కాలేజీ వాట్సాప్ గ్రూపులో పోస్టర్ వచ్చింది. నాలుగు వారాలు, 34 సీట్లు, ఏ బ్రాంచి వాళ్లైనా పెట్టుకోవచ్చు. అప్లికేషన్‌కి 500 రూపాయలు, తిరిగి ఇవ్వరు. రెండు వ్యాసాలు రాయాలి, కాలేజీ నుంచి బోనఫైడ్, హెచ్‌ఓడీ సంతకంతో ఒక లెటర్ కావాలి. వ్యాసాలు రెండు రాత్రుల్లో అయిపోయాయి, సంతకానికి పదకొండు రోజులు పట్టింది. సార్ సెలవులో ఉన్నారు, వచ్చాక ‘ఇంటెలిజెన్స్’ అనే మాట చూసి ‘ఇది ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్సేనా’ అని అడిగారు, నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు, సంతకం పెట్టేశారు. మొత్తానికి ఫిబ్రవరి 9న పంపాను.

తర్వాత 46 రోజులు ఏ కబురూ లేదు. మార్చి 27న ఆన్‌లైన్ ఇంటర్వ్యూ, 18 నిమిషాలు. సరిగ్గా ఆరో నిమిషంలో హాస్టల్లో కరెంటు పోయింది, పక్కరూమ్ అమ్మాయి హాట్‌స్పాట్ ఇచ్చి ఆదుకుంది. ఇద్దరు అడిగారు. ‘రా’ (మన విదేశీ గూఢచార సంస్థ, రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్) గురించో, చాణక్యుడి గురించో అడుగుతారని బట్టీ పట్టుకుని కూర్చున్నాను, ఒక్కటీ అడగలేదు. ‘మీ ఊరికి యాభై కిలోమీటర్ల లోపల దేశ భద్రతతో సంబంధం ఉన్నవి మూడు చెప్పు’ అన్నారు. నేను రైల్వేస్టేషన్ అన్నాను. ఇంకా? హైవే అన్నాను. ఇంకా? నోరు ఎండిపోయింది. కాల్ అయిపోయి మంచినీళ్లు తాగుతుంటే గుర్తొచ్చింది, పాలసముద్రంలో కస్టమ్స్, నార్కోటిక్స్ వాళ్ల అకాడమీ ఉంది కదా, 2024 జనవరిలో ప్రధాని వచ్చి ప్రారంభించారు కదా, మా ఊళ్లో వారం రోజులు అదే మాట కదా అని. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. మీరు వెళ్తే ఇలాంటి ప్రశ్నకే సిద్ధంగా ఉండండి, వాళ్లకి కావలసింది జనరల్ నాలెడ్జి కాదు, మన చుట్టూ ఏముందో మనం చూస్తున్నామా లేదా అని.

ఏప్రిల్ 15న మెయిల్: వెయిటింగ్ లిస్ట్, నాలుగో నంబర్. సరే, రాదులే అనుకుని అనంతపురంలోనే ఒక ఎంబెడెడ్ కోర్సు మాట్లాడుకున్నాను.

ఆ తర్వాత వారానికి పహల్గాం. మే 7న ఆపరేషన్ సిందూర్. ఆ నాలుగు రోజులు మా ఇంట్లో టీవీ ఆపలేదు. కరాచీ పోర్టు తగలబడిపోయిందని టీవీల్లో అరిచిన రాత్రి మా అమ్మ నాకు తొమ్మిది వీడియోలు పంపింది, అన్నీ నిజమనే నమ్మి నేనూ క్లాస్ గ్రూపులో పెట్టాను. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఎందుకంటే నెల తిరక్కుండానే అందులో రెండు వీడియోలు క్లాసులో తెరమీద కనపడ్డాయి. ఒకటి వీడియో గేమ్‌లోది.

మే 9న మెయిల్ వచ్చింది, పరిస్థితిని బట్టి తేదీలు మారవచ్చు అని. మర్నాడు కాల్పులు ఆగాయి. మే 16, శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి ఇంకో మెయిల్: సీటు ఖాళీ అయింది, మీకు ఇస్తున్నాం, సోమవారం లోపు 18,000 కట్టాలి. మూడు రోజులు, అందులో శని ఆదివారాలు. భయపడి ఎవరో మానుకుని ఉంటారని నా అనుమానం.

నాన్నతో చెప్పడానికి శనివారం మధ్యాహ్నం దాకా ధైర్యం చాల్లేదు. అన్నం తింటుంటే చెప్పాను. ఏం మాట్లాడలేదు, చెయ్యి కడుక్కొచ్చాక ‘ఇట్లాంటప్పుడు ఆ పనులెందుకు తల్లీ’ అన్నాడు. అది పని కాదు నాన్నా, చదువు, క్లాసులో కూర్చోబెట్టి చెప్తారంతే అన్నాను. ‘రా లో చేర్చుకుంటారా?’ అని అడిగింది అమ్మ. అంతవరకు మంచం మీద పడుకుని ఉన్న అవ్వ లేచి కూర్చుని ‘రా అంటే యాడికే? ఎవురు రమ్మన్యారు నిన్ను?’ అంది. అందరం నవ్వాం, ఆ నవ్వులోనే నాన్న మెత్తబడ్డాడు. ఆదివారం రాత్రి మండీ సేటు దగ్గర పది తెచ్చి, మిగతాది ఇంట్లోది కలిపి కట్టాడు. కట్టినట్టు మెసేజ్ చూశాక నాకు సంతోషం కన్నా ముందు కడుపులో దిగులు పట్టుకుంది.

ఇంకో రెండు రోజులకి ఒక అండర్‌టేకింగ్ పంపారు, ఐదు పేజీలు. లోపల ఫోటోలు తీయకూడదు, మాట్లాడినవాళ్ల పేర్లు బయట రాయకూడదు, ఇది ఏ ఉద్యోగానికీ హామీ కాదు. మూడోది పెద్దక్షరాల్లో ఉంది. అమ్మానాన్నల సంతకాలు కావాలన్నారు. ఈలోగా మా పెదనాన్న ఊరంతా చాటాడు, మా పాప రా లో చేరిందని. కూరగాయలావిడ కూడా నన్నడిగింది, గన్ను ఇస్తారా అని.

మే 31న రైల్లో వచ్చాను. పీజీ కేఆర్ పురంలో, త్రీ షేరింగ్, నెలకి 8,500, పొద్దున టిఫినూ రాత్రి భోజనమూ అందులోనే. అడ్వాన్స్ ఐదు వేలు తీసుకుని వెళ్లేటప్పుడు ‘మెయింటెనెన్స్’ అని రెండు వేలు కోసుకున్నారు, గోడకి నేను ఒక్క మేకు కూడా కొట్టలేదు. ఇందిరానగర్‌లో అయితే దగ్గర అవుతుందని చూశాను, రేట్లు విని నోరు మూసుకున్నాను. మెట్రోలో పర్పుల్ లైన్ మీద నేరుగా దిగొచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. నా రూమ్మేట్ నంద్యాల అక్క, డిగ్రీ అయిపోయి బ్యాంకు పరీక్షలకి చదువుతోంది. ఆమె సంగతి తర్వాత వస్తుంది.

జూన్ 2, మొదటి రోజు. గుమ్మంలోనే ఫోన్లు తీసుకుని నంబర్లు వేసిన చెక్క పెట్టెలో పెట్టారు. స్మార్ట్ వాచీ కూడా. ల్యాప్‌టాప్ వాళ్లిచ్చిందే, అదీ అవసరమైన రోజునే, మిగతా రోజుల్లో పెన్నూ కాగితం. ఇది ఎవరూ ముందు చెప్పలేదు. రెండో రోజుకే వేళ్లు నొప్పి, ఇంటర్ తర్వాత నేను అంత చేత్తో రాసింది లేదు. 34 మందిలో తెలుగువాళ్లం నలుగురం: నేను, విజయవాడ అబ్బాయి, నెల్లూరు అబ్బాయి, బెంగళూరులోనే లా చదువుతున్న చిత్తూరు అక్క. మిగతా వాళ్లలో ఢిల్లీ పిల్లలు ఎక్కువ, మాట్లాడ్డం మొదలుపెడితే ఆగరు. మొదటి మూడు రోజులు నేను నోరు విప్పలేదు.

జూన్ 4 గురించి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ముందురోజు రాత్రి ఆర్‌సీబీ కప్పు గెలిచింది, ఊరంతా ఎర్రజెండాలు, మాకూ తొందరగా వదిలేశారు. ముగ్గురం ఇందిరానగర్‌లో రైలెక్కి స్టేడియం వైపు బయల్దేరాం. ఎంజీ రోడ్‌లో దిగాం గానీ మెట్ల దగ్గర కాలు కదిపే చోటు లేదు, ఊపిరాడలేదు, నెల్లూరు అబ్బాయి నా బ్యాగు పట్టుకుని వెనక్కి లాగి అవతలి ప్లాట్‌ఫామ్ మీదికి తెచ్చాడు. వెనక్కి వచ్చేశాం. పీజీకి చేరేసరికి అమ్మ 14 సార్లు ఫోన్ చేసి ఉంది. చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారని రాత్రికి తెలిసింది.

మర్నాడు పొద్దున మా క్లాసు తీసుకున్న మేడం పుస్తకం తెరవలేదు. ‘నిన్న సాయంత్రం ఐదున్నరకి మీకు ఏం తెలుసు? ఎవరు చెప్తే తెలుసు? వాళ్లకి ఎవరు చెప్పారు?’ అని అడిగారు. ఫోన్లు వెనక్కిచ్చి, మా మా గ్రూపుల్లో ఏ మెసేజ్ ఎన్నింటికి వచ్చిందో కాగితం మీద వరసగా రాయమన్నారు. నా కాగితంలో గంట వ్యవధిలో చనిపోయినవాళ్ల సంఖ్య ఐదు రకాలుగా ఉంది, ఒకటైతే తగ్గి మళ్లీ పెరిగింది కూడా. ఇద్దరు ఏడ్చారు. నేను ఏడవలేదు గానీ ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది, అదొక్కటే వెనక్కి తీసుకోలేదు వాళ్లు.

మిగతావన్నీ తీసుకునేవాళ్లు. శుక్రవారం ఒక రిటైర్డ్ ఆఫీసర్ వచ్చారు, ఐబీలో (ఇంటెలిజెన్స్ బ్యూరో, దేశం లోపలి గూఢచార సంస్థ) చేశారని మాత్రం చెప్పారు, ఎక్కడ, ఏం చేశారో ఒక్క ముక్క లేదు. రాగానే అందరికీ మూడేసి కాగితాలు పంచారు, టీ టైముకి వెనక్కి తీసుకుని లెక్కపెట్టారు, ఒకటి తక్కువ. తలుపు మూయించారు. బెంచీల కింద, బ్యాగుల్లో, డస్ట్‌బిన్‌లో 25 నిమిషాలు వెతికాం, సమోసాలు చల్లారిపోతున్నాయి, ఆయన మాత్రం కుర్చీలో ప్రశాంతంగా కూర్చున్నారు. చివరికి ఆ సమోసా ప్లేటు కిందే దొరికింది, నూనె మరకలతో. అవి ఏమంత రహస్యమా అంటే మూడూ న్యూస్‌పేపర్ కటింగుల జిరాక్సులు! ఎవరో అదే అడిగారు కూడా. ‘అందులో ఏముందన్నది నీ పని కాదు, ఎన్ని ఉన్నాయన్నది నీ పని’ అన్నారాయన. ఈ ఉద్యోగం నాకు పడుతుందా పడదా అనే అనుమానం మొదటిసారి అప్పుడే వచ్చింది, ఎందుకంటే నేను హాల్‌టికెట్టే రెండుసార్లు పోగొట్టుకున్న మనిషిని.

ఆయన్ని మేం అడిగినవన్నీ ఉద్యోగం గురించే. రా లో చేరాలంటే ఎక్కడ అప్లై చేయాలి? ఆయన నవ్వి, 1968లో పెట్టినప్పటి నుంచీ దానికి పేపర్లో ప్రకటన చూసి చేరడమన్నది లేదు, ఎక్కువగా వేరే సర్వీసుల నుంచి వెళ్తారు, అందుకని ముందు ఏదో ఒక సర్వీసులో పడు అన్నారు. విద్యార్థికి నేరుగా తెరిచి ఉన్న తలుపు ఐబీ ఏసీఐఓ (అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్) పరీక్ష, డిగ్రీ ఉండాలి, 18 నుంచి 27 ఏళ్ల మధ్య ఉండాలి. మొదటి అంచె గంటలో వంద ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కోత, తర్వాత వ్యాసం, తర్వాత ఇంటర్వ్యూ. నాలాంటి ఎలక్ట్రానిక్స్ వాళ్లకి సాంకేతిక నిఘా చూసే ఎన్‌టీఆర్‌ఓ (2004లో వచ్చింది), రక్షణ పరిశోధన చేసే డీఆర్‌డీఓ ల్యాబులు చెప్పారు, ఆ ల్యాబులు కొన్ని మేం కూర్చున్న చోటికి దగ్గర్లోనే, సీవీ రామన్ నగర్‌లో ఉన్నాయి. పరీక్షలో ఫెయిలవడం పెద్ద విషయం కాదు, పాసయ్యాక నోరు కట్టుకోవడం పెద్ద విషయం అన్నారు. 1985లో వచ్చిన చట్టం ప్రకారం ఈ సంస్థల ఉద్యోగులకి యూనియన్లు, సంఘాలు కుదరవు, ప్రెస్‌తో మాట్లాడ్డం అనుమతి లేకుండా కుదరదు. 2021లో పెన్షన్ రూల్స్ కూడా మార్చారట, రిటైరయ్యాక కూడా సంస్థ గురించి ఏదైనా రాసి అచ్చువేయాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. ‘అంటే నేను మీతో ఇప్పుడు మాట్లాడినదంతా మీకు లైబ్రరీలో దొరికేదే’ అని లేచారు. మా పెదనాన్న గుర్తొచ్చాడు, ఆయన ఈ ఉద్యోగంలో ఒక్క పూట కూడా నిలవడు.

రెండో వారం నాకు బాగా నచ్చింది. ఒక ఫోటో ఇచ్చి అది ఎక్కడిది, రోడ్డు ఏ దిక్కుకి పోతోంది, ఎన్ని గంటలు అని తేల్చాలి. జూన్ 11న ఇచ్చిన ఫోటోలో ఒక బస్టాపు, పక్కన గోడ గడియారం పన్నెండున్నరకి దగ్గర్లో ఉంది, ఒక మనిషి నిలబడి ఉన్నాడు, నీడ చాలా చిన్నది. జూన్ నెల, కర్ణాటక అని చెప్పారు. అందరం ఒకటే రాశాం: మనం భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్నాం, సూర్యుడు దక్షిణాన ఉంటాడు, కాబట్టి నీడ పడినవైపు ఉత్తరం. ఢిల్లీ పిల్లలైతే ఇంత తేలికా అన్నట్టు ఐదు నిమిషాల్లో ఇచ్చేశారు.

సార్ కాగితాలు తీసుకుని ఒక్క మాట అనకుండా మమ్మల్ని మేడ మీదికి తీసుకెళ్లారు. పన్నెండుంబావు. మబ్బు పట్టి ఉంది, ఎండ కోసం పావుగంట నిలబడ్డాం. ఎండ రాగానే ఎవరి నీడ వాళ్లు చూసుకోమన్నారు. నా నీడ అడుగు కూడా లేదు, చెప్పుల ముందుకి ఇంత పడింది, అంతే. కంపాస్ పెట్టి చూస్తే అది దక్షిణానికి ఉంది! పదమూడు డిగ్రీల అక్షాంశంలో ఉన్న బెంగళూరుకి ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. ఏప్రిల్ 24, ఆగస్టు 18 ఆ ప్రాంతాల్లో సరిగ్గా నడినెత్తికొచ్చి నీడే లేకుండా పోతాడు. ఢిల్లీలో ఇది ఎప్పటికీ జరగదు కాబట్టి వాళ్లకి తెలియకపోవడంలో న్యాయం ఉంది. హిందూపురంలో పుట్టి ఇరవై ఏళ్లు ఆ ఎండలో తిరిగిన నాకేం రోగం? రాత్రి ఫోన్లో చెప్తే మా అవ్వ తేలిగ్గా అనేసింది, ‘ఎండాకాలం మిట్టమధ్యాన్నం ఉత్తరం వాకిట్లోకి ఎండ పడదా యేమి, వడియాలు ఆడనే కదే పెట్టేది’ అని.

అదే వారం ఉపగ్రహ చిత్రాలు. సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహాల బొమ్మలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, అందులో ఒక చుక్క అంటే నేల మీద పది మీటర్లు. నాకు పడింది పావగడ సోలార్ పార్కు. 2016 నుంచి ఏడాదికొక బొమ్మ పెట్టి ఏం మారిందో అర పేజీలో రాయాలి. ఎగిరి గంతేశాను, మా మామ పొలం ఆ వైపే. ఎర్రమన్ను మెల్లగా నల్ల నీలం గళ్లతో నిండిపోవడం కనపడుతూనే ఉంది, దాంతోపాటు నాకు తెలిసిందంతా దంచేశాను: 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు, రైతుల దగ్గర భూమి కొనలేదు, ఎకరాకి ఏడాదికి 21 వేల లెక్కన కౌలుకి తీసుకున్నారు. కాగితం వెనక్కొచ్చేసరికి కౌలు మాట చుట్టూ ఎర్రసున్నా, పక్కన ఒక ప్రశ్న: ఇది బొమ్మలో ఎక్కడ కనపడింది?

కనపడలేదు సార్, మా మామ చెప్పాడు అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ‘అయితే మామ అని రాయి. మామకి మార్కు కూడా వెయ్యి’ అన్నారు. చెప్పినవాడి నమ్మకానికి ఎ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం, చెప్పిన విషయానికి ఒకటి నుంచి ఆరు దాకా ఒక అంకె, రెండూ విడివిడిగా వేయాలి, ఎందుకంటే మంచివాడు తప్పు చెప్పొచ్చు, అబద్ధాలకోరు ఒక్కోసారి నిజం చెప్పొచ్చు. మామకి ఏమెయ్యాలో అరగంట తేల్చుకోలేకపోయాను. భూముల విషయంలో ఆయన మాట రాతే, ధరల విషయంలో మాత్రం కాస్త పెంచుతాడు. చివరికి సి-2 వేశాను. ఈ సంగతి ఆయనకి ఇంకా తెలీదు.

మూడో వారం అందరూ తిట్టుకున్న వారం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాయడమే. అర పేజీ, అంతకు మించితే చింపేస్తారు. ‘అనిపిస్తోంది’ అని రాస్తే ఎంత అనిపిస్తోంది అంటారు. ఒక పాత సంగతి చెప్పారు: 1951లో అమెరికా వాళ్లు ఒక రిపోర్టులో యుగోస్లావియా మీద దాడికి ‘గట్టి అవకాశం’ ఉందని రాశారట. తర్వాత ఆ మాట రాసినవాళ్లనే విడివిడిగా అడిగితే ఒకరు 20 శాతమన్నారు, ఒకరు 80 అన్నారు, అందరూ కలిసి ఒప్పుకుని రాసిన మాటే అది.

మధ్యాహ్నం ఆంధ్రా మెస్‌లో పప్పన్నం తింటూ మా నలుగురం దీన్ని తెలుగులో వేసి చూశాం. ‘వస్తా’ అంటే 70. ‘వస్తాలే’ అంటే 30. ‘తప్పకుండా వస్తా’ అంటే 40, నిజంగా వచ్చేవాడు తప్పకుండా అనడు కదా. ‘చూద్దాం’ అంటే 15. ‘చూద్దాంలే’ అంటే సున్నా. విజయవాడ అబ్బాయి ఒప్పుకోలేదు, వాళ్ల ఇంట్లో ‘చూద్దాంలే’ అంటే ఐదు శాతం ఉంటుందట. ‘లే’ ఒక్క అక్షరం నలభై శాతం తినేస్తుందని చిత్తూరు అక్క టిష్యూ పేపర్ మీద రాసి చూపించింది, నవ్వలేక చచ్చాం. కానీ ఆ తర్వాత నుంచీ రాసేటప్పుడు నా చెయ్యి నిజంగానే ఆగడం మొదలుపెట్టింది.

నాలుగో వారం గ్రూపు పని. మాకు పడింది చెన్నై నుంచి అండమాన్‌కి సముద్రం అడుగున వేసిన కేబుల్, సుమారు 2,300 కిలోమీటర్లు, 2020 ఆగస్టులో మొదలైంది. అది తెగితే దీవుల్లో మొదటి రోజు ఏమవుతుంది, పదో రోజు ఏమవుతుంది అనేది ప్రశ్న. జూన్ 26న నలుగురు పెద్దవాళ్ల ముందు నిలబడి నాలుగు నిమిషాల్లో చెప్పాలి, ఐదో నిమిషంలో గంట కొట్టి కూర్చోబెడతారు. ఢిల్లీ అమ్మాయి మాట్లాడుతుందనుకున్నాం, ఆమెకి ముందురోజు రాత్రి జ్వరం. పొద్దున ఎనిమిదికి తెలిసింది నేను మాట్లాడాలని. మెట్రోలో నిలబడి గొణుక్కుంటుంటే పక్కావిడ పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

మూడు నిమిషాల యాభై సెకన్లలో ముగించాను. ఇంగ్లీష్ తడబడింది, రెండుచోట్ల ‘అంటే’ అనేశాను. ఒకాయన ‘ఎంత నమ్మకంగా చెప్తున్నావు’ అన్నారు, మధ్యస్థంగా అన్నాను, ఎందుకని అడిగితే కారణం చెప్పాను. రెండో ప్రశ్న నేను ఊహించలేదు: ‘ఏ ఒక్క విషయం తెలిస్తే నీ అభిప్రాయం మార్చుకుంటావు?’ హాలంతా నిశ్శబ్దం. పది సెకన్లు ఉంటుందేమో, నాకు పది నిమిషాల్లా ఉంది. ఉపగ్రహం మీద నడిచే లింకులు ఎంత బరువు మోయగలవో సరైన అంకె దొరికితే మార్చుకుంటాను సార్, ఇప్పుడు మా దగ్గరున్నది పాతది అన్నాను. ఆయన తలూపి ఏదో రాసుకున్నారు. బాత్రూమ్‌కెళ్లి మొహం కడుక్కుంటే చేతులు వణుకుతూనే ఉన్నాయి. మా గ్రూపుకి ఏ ప్రైజూ రాలేదు.

ఖర్చు చెప్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి. ఫీజు 18,000, అప్లికేషన్ 500, పీజీ 8,500, కోసుకున్న అడ్వాన్స్ 2,000, మధ్యాహ్నం భోజనాలూ ఆదివారాలూ కలిపి 4,600, మెట్రో 1,900, ఫార్మల్ బట్టలూ షూసూ 2,350. మొత్తం 37,850. ఫార్మల్స్ చివరి రెండు రోజులకే కావాలి, నేను తెలియక ముందే కొన్నాను, అద్దెకి దొరుకుతాయని తర్వాత తెలిసింది. ఫీజు రాయితీ కూడా ఉందట, అడిగినవాళ్లకి మాత్రమే ఇస్తారట, పోస్టర్ మీద ఎక్కడా లేదు. ఇది నాకు ఇప్పటికీ మండుతుంది. ఆఖరిరోజు టీ దగ్గర నెల్లూరు అబ్బాయి తనకి సగం తగ్గించారని చెప్పినప్పుడు నేను బిస్కెట్ తింటున్నాను, గొంతులో పడింది. వెళ్లేవాళ్లు ముందే మెయిల్ పెట్టి అడగండి, సిగ్గుపడొద్దు.

సర్టిఫికెట్ రెండు వారాల్లో అన్నారు, ఏడున్నర వారాలు పట్టింది. నాలుగు మెయిళ్లు పెట్టాను, మూడింటికి జవాబు లేదు. వచ్చిన పీడీఎఫ్‌లో ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. ప్రతి కాగితాన్నీ లెక్కపెట్టడం నేర్పినవాళ్లు! సరిచేసి పంపండి అని రాశాను, ఇంకా ఎదురుచూస్తున్నాను.

జూలైలో ఐబీ నోటిఫికేషన్ వచ్చింది, 3,717 ఏసీఐఓ పోస్టులు, జూలై 19 నుంచి ఆగస్టు 10 దాకా అప్లికేషన్లు. నాకు డిగ్రీ 2026లో గానీ చేతికి రాదు, కాబట్టి చూస్తూ కూర్చోవడమే. నంద్యాల అక్క మాత్రం 550 రూపాయలు కట్టి అప్లై చేసింది, రాత్రుళ్లు నేను చెప్పిన కబుర్లు విని విని. ఆమె దగ్గర ప్రోగ్రామ్ సర్టిఫికెట్ లేదు, ఆ ఫారంలో దాన్ని అడిగే గడి కూడా లేదు.

సేటు దగ్గర తెచ్చిన పదిలో నాన్న నాలుగు తీర్చాడట. నిన్న రాత్రి ఫోన్లో అడిగాను, వచ్చే ఏడాది నోటిఫికేషన్ పడితే బెంగళూరులో మూడు నెలలు ఉండి చదువుకుంటాను నాన్నా అని. ‘చూద్దాంలే’ అన్నాడు. మా టిష్యూ పేపర్ లెక్క ప్రకారం సున్నా. కానీ ఆ మాట అన్నాక ఫోన్ పెట్టెయ్యలేదు, పీజీ నెలకి ఎంత పడుతుందే అని అడిగాడు, అందుకని ఇరవై వేశాను.